పగిలింది ఏ రంగు?

మా పెద్దత్తయ్యకు ఒకటే జబ్బు. ఎవరింట్లో ఏది పగిలినా ఆవిడ అడిగే మొదటి మాట, "ఏ రంగు?" దెబ్బ తగిలిందా అని కాదు, ఎలా పగిలిందని కాదు, ఖరీదెంతని అసలే కాదు. ఏ రంగు.

పెద్దత్తయ్యంటే మావారి పెద్దమ్మ. మా అపార్ట్‌మెంటులోనే, సరిగ్గా మా నెత్తి మీద ఇంట్లో ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసి రిటైరైంది గానీ, ఆ చెవులు ఇంకా రిటైరవలేదు. కింద వాచ్‌మన్ గదిలో ఏదైనా జారితే పైన ఆవిడకు వినిపిస్తుంది. "గాజు కాదు, పింగాణీ. అంచు మాత్రమే లేచింది," అని తీర్పు చెప్పి, చెప్పులేసుకుని, ఎర్ర ప్లాస్టిక్ బుట్టతో బయలుదేరుతుంది. పగిలిన ఇంటివాళ్లు చీపురు వెతుక్కునేలోపు ఆవిడ గుమ్మంలో ఉంటుంది.

రిటైరైన వారమే రెండు కళలు మొదలుపెట్టింది: కుండలు చేయడం, రంగు గాజు ముక్కలు అతికి కిటికీ పలకలు తయారు చేయడం. "ఒకటి చాలదా పెద్దమ్మా?" అని మావారు అడిగారు.

"పొద్దంతా చేతులకు మట్టి పని. కళ్లు ఊరికే కూర్చుంటాయా?" అంది.

వెనక బాల్కనీలో కుమ్మరి సారె, ముందు బాల్కనీలో గాజు బల్ల వెలిశాయి. మరి బట్టలెక్కడ ఆరేస్తారంటే, "మీ బాల్కనీ ఉందిగా," అంది.

తొలి కప్పులన్నీ ఒక పక్కకు ఒరిగాయి. అయినా ఒక్కటీ దాచుకోలేదు, ఇంటింటికీ పంచింది. పక్కింటి లెక్కల మాస్టారు తన కప్పును తిరిగి తెచ్చి, "ఇది నిలబడదేమిటమ్మా?" అన్నారు.

"ఖాళీ కడుపుతో ఎవరు నిలబడతారు మాస్టారూ?" అని నిండా కాఫీ పోసింది. కప్పు నిజంగానే నిలబడింది. తాగడం మొదలుపెట్టాక ఒరిగింది. ఆయన ఇప్పటికీ కాఫీ ఒక్క గుక్కలో తాగేస్తారు.

గాజు దగ్గర మాత్రం మొదటి నుంచీ మొనగత్తే. గాజు మీద కట్టర్‌తో ఒకే ఒక్క గీత గీయాలి, తిరగ గీయకూడదు. అది గీస్తున్నంతసేపూ ఆవిడ కళ్లు మూసుకుని చప్పుడు వింటుంది. ఎక్కడా తెగకుండా సన్నగా సర్రుమంటే, ఆ గీత దగ్గర రెండు చేతులతో మెల్లగా వంచి టక్కున విరుస్తుంది. "లైను కలిసింది," అంటుంది.

ఇక నా సంగతి. నేను రసాయన శాస్త్రం చదివాను. దానివల్ల వచ్చిన లాభమేమిటంటే, ఏ వస్తువు పిల్లలకు ఎలా హాని చేస్తుందో వివరంగా తెలుసు. ముట్టుకోకు, జాగ్రత్త, పగులుతుంది అన్న మాటల మధ్య పెరిగిన మా ఐదేళ్ల పాప, ఎక్కడికెళ్లినా చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకొచ్చిన ఆఫీసరులా నడిచేది. బళ్లో టీచరు నన్ను పిలిపించింది. "మీ పాప రంగు పెన్సిల్ కూడా ముట్టుకోదండీ. విరుగుతుందట," అంది.

పెద్దత్తయ్యకు చెబితే, "సారె దగ్గర కూర్చోబెట్టు," అంది.

"మట్టిలో సిలికా ఉంటుంది అత్తయ్యా. ఆ దుమ్ము ఎగిరి ఊపిరితిత్తుల్లోకి..."

"తడి మట్టి ఎగరదు. నువ్వే ఎగురుతున్నావు."

"గాజు అతికే టంకంలో సీసం..."

"సీసం లేనిదే తెచ్చాను. నువ్వొస్తావని తెలుసుగా."

పాపకు ఈత కళ్లద్దాలు పెట్టి, మాస్కు కట్టి తీసుకెళ్లాను. పెద్దత్తయ్య తలుపు తీసి, "చంద్రుడి మీదికా?" అంది.

పాప సారె పక్కన కూర్చుంది, చేతులు వెనక్కి కట్టుకునే. పెద్దత్తయ్య బలవంతపెట్టలేదు. ఒక గిన్నె చేసింది, నలిపేసింది. మళ్లీ చేసింది, మళ్లీ నలిపేసింది.

"ఎందుకు పాడు చేస్తున్నావు పెద్ద నానమ్మా?"

"పాడవలేదే. మళ్లీ మట్టయింది, అంతే."

ఆ ఆదివారం మా వంటింట్లో ఫెళ్లుమని చప్పుడైంది. పరుగెత్తాను. మా అమ్మ ఇచ్చిన పింగాణీ టీ కెటిల్ నేల మీద ముక్కలై ఉంది. పాప ఫ్రిజ్ పక్కన, చేతులు వెనక్కి పెట్టుకుని, బిక్కచచ్చి నిలబడి ఉంది. తనంతట తను ముట్టుకున్న మొదటి వస్తువది. ఇప్పుడు తిడితే ఆ చేతులు ఇంకెప్పటికీ ముందుకు రావని నాకు తెలుసు. తెలిసినా నోరు తెరుచుకుంది.

గుమ్మంలో చెప్పుల చప్పుడు. "ఏ రంగు?"

ఫ్రిజ్ పక్క నుంచి సన్నగా వచ్చింది జవాబు. "తెలుపు. నీలం పువ్వులు."

"నీలమా? నా పలకలో ఆకాశానికి నీలమే తక్కువైంది. ఎందుకు తీశావే?"

"టీ పోసే కొమ్ము ఎలా అతికారో చూద్దామని."

"చూశావా మరి?"

"ఊఁ. లోపల చిన్న చిన్న కన్నాలున్నాయి."

"ఇంత వయసొచ్చినా నాకు తెలియదే. పైకొచ్చి చూపించు."

ముక్కలన్నీ తనే ఏరుకుని, విరగని కొమ్ము పాప చేతికిచ్చి తీసుకెళ్లిపోయింది. నేను తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. తిట్టడానికి ఎదురుగా ఎవరూ లేరు.

నేల తుడుస్తుంటే నా చదువు మేలుకుంది. అంత మందపాటి పింగాణీలోంచి వెలుతురు రాదు. మరి కిటికీ పలకకు ఆ ముక్కలెందుకు?

పైకెళ్లాను. పాప వెనక బాల్కనీలో మట్టికి కొమ్ము అతుకుతోంది. మంచం కింద డబ్బాల నిండా పెంకులు: మాస్టారి సాసరు, వాచ్‌మన్ గిన్నె, మా ఇంటివే బోలెడు. ముందు బాల్కనీలో పెద్దత్తయ్య చేస్తున్న పలక ఎండకు మెరుస్తోంది. అందులో ప్రతి ముక్కా కొట్లో కొన్న గాజే.

"అత్తయ్యా, ఆ పెంకుల్లోంచి వెలుతురు రాదు కదా."

"రాదు."

"వంపు ముక్కలు పలకలో కుదరవు కూడా."

"కుదరవు."

"మరెందుకు పట్టుకొస్తారు?"

గాజు అంచుకు రాగి టేపు చుడుతూ, తలెత్తకుండా చెప్పింది. "ఏ రంగని అడిగితే, ఎవరు పగలగొట్టారని అడగడం మర్చిపోతారు అమ్మాయ్. మీ ఆయన చిన్నప్పుడు కనిపెట్టాను. వాడున్న ఇంట్లో రంగులకు కరువుండేది కాదు." టేపు తెంపి, "ఎవరికీ చెప్పకు. బుట్ట పరువు పోతుంది," అంది.

తర్వాత నేనూ సారె దగ్గర కూర్చున్నాను. చాలా వంకర కప్పుల తర్వాత, ఖాళీగా ఉన్నా నిలబడే కప్పొకటి చేశాను. కాల్చాక దాన్ని రెండు చేతులా పట్టుకుని, జాగ్రత్త జాగ్రత్త అని నాకు నేనే చెప్పుకుంటూ మెట్లు దిగాను. మా గుమ్మం ముందు జారింది.

పాప బయటికొచ్చింది. మోచేతుల దాకా మట్టి. ముక్కల్ని చూసింది, నా మొహం చూసింది. నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్లాయి.

"ఏ రంగు అమ్మా?"

అప్పటికే బుట్టతో పై మెట్టు మీదికొచ్చిన పెద్దత్తయ్య ఆగిపోయింది. "నా మాట నువ్వనేస్తే నేనేమడగాలే?"

పాప చెయ్యి చాపింది.

"బుట్ట ఇలా ఇవ్వు."