కుడి మోచేతి మడత

రేపల్లెలో మా ఇల్లు పరాయి చేతుల్లోకి పోయినా, మా ఇంటి చర్మం మందు మాత్రం మాతో మిగిలింది. బాపట్లలో మా మేనత్త ఇప్పటికీ తలుపు వేసుకుని దాన్ని నూరుతుంది. అందులో ఏముందో ఇంట్లోవాళ్ళు కూడా అడగకూడదు. అది మా ఆచారం. నేనూ అడగలేదు.

తెనాలిలో ఉండగా మా నాలుగేళ్ళ పాపకు రెండు మోచేతుల మడతల్లో ఎగ్జిమా వచ్చింది. రక్తం వచ్చేలా గోక్కునేది. పిల్లల డాక్టరమ్మ స్నానం కాగానే ఒంటికి తేమ క్రీము, ఎర్రబడిన చోట కొద్దిరోజులు తక్కువ ఘాటున్న స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు రాయమంది. నేను ఎడమ చేతికి ఆవిడ మందు, కుడి చేతికి మా మందు రాశాను.

"పిల్ల మీద పందేలేంటండీ?" అంది నా భార్య.

"చూస్తూ ఉండు. మన పేరు ఊరికే రాలేదు."

నాలుగో రోజుకే కుడి చెయ్యి నునుపు తేలింది. ఎడమది మామూలు కావడానికి రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత దానికి క్రీము ఒక్కటే సరిపోయింది. కుడి చేతికి మాత్రం మందు ఆపితే మర్నాడే మంట, రాస్తే మళ్ళీ నిశ్శబ్దం. మూడు నెలలు రాశాను. వచ్చినవాళ్ళందరికీ ఆ చెయ్యే చూపించాను.

ఒక మధ్యాహ్నం పాప కిటికీ దగ్గర ఆ చెయ్యి వెలుగుకి పెట్టి చూసుకుంటోంది.

"నాన్నా, లోపల దారాలు కనబడుతున్నాయి."

మడతలో చర్మం ఉల్లిపొరలా మెరుస్తోంది. కింద నీలి నరాలు. వేలితో తాకితే తడి కాగితంలా ముడత పడింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి బాపట్ల వెళ్ళాను. అత్తయ్య వరండాలో ఐదారుగురు తల్లులు పిల్లలతో కూర్చుని ఉన్నారు. ఏ పిల్లా గోక్కోవడం లేదు, ఏడవడం లేదు. ఒకరికి మోచేతి దగ్గర, ఒకరికి మోకాలి వెనక, ఒకరికి బుగ్గ మీద, ఎండలో అదే మెరుపు. మా పాప చర్మాన్ని ముక్కలు చేసి అందరికీ అతికించినట్టుంది.

లోపలి తలుపు తోశాను. అత్తయ్య మెడికల్ షాపు ట్యూబులు పసుపు ముద్దలోకి పిండుతోంది.

"మీ నాన్న కూడా ఈ తలుపు తొయ్యలేదురా."

"ఏంటత్తయ్యా ఇది?"

"ఉత్త పసరు ఎవరికి తగ్గించిందిరా? తిట్టుకుంటూ పోయేవాళ్ళు. ఇది కలిపిన దగ్గర్నుంచి దణ్ణం పెట్టి పోతున్నారు. పేరు నిలబడిందా, లేదా?"

ట్యూబు మీది పేరు ఫోనులో డాక్టరమ్మకు చదివి వినిపించాను.

"పెద్దవాళ్ళ పాదాలకు రాసే ఘాటు స్టెరాయిడండి అది. పిల్లల మడతల్లో రాస్తే చర్మం పలచబడిపోతుంది. పాపను ఇవాళే తీసుకురండి. ఒక్కసారిగా ఆపొద్దు, ఎలా తగ్గించాలో చూసి చెబుతాను."

"చర్మం మళ్ళీ వస్తుందా?"

"చాలావరకు వస్తుందండి. నెలలు పట్టొచ్చు."

వరండాలోకి రాగానే తల్లులందరూ లేచి నిలబడ్డారు. మా ఇంటివాళ్ళు కనబడితే అలా లేస్తారు. నిజం చెబితే ఇక లేవరు.

"అమ్మా, ఇది మా మందు కాదు. షాపులో దొరికే ఘాటు స్టెరాయిడ్. పిల్లల్ని వెంటనే డాక్టరుకు చూపించండి" అన్నాను.

ఎవరూ కదల్లేదు. ఒకావిడ నవ్వి చంకలో పిల్లను నావైపు తిప్పింది.

"ఊరుకోండి బాబుగారూ, మీ మందేగా దీన్ని మనిషిని చేసింది. చూడండి, ఎంత నున్నగా ఉందో!"

ఆ పిల్ల బుగ్గ మీద నీలి నరమొకటి కంటిదాకా పాకి ఉంది. నేను అదే మాట మళ్ళీ మొదట్నుంచి చెప్పాను.