మా అమ్మ చెరిపిన పక్క

డెబ్బై రెండేళ్లు వచ్చేదాకా మా అమ్మ హోటల్లో పడుకోలేదు. హోటలంటే ఆమె లెక్కలో ఇడ్లీ తినే చోటు. పడుకునేదైతే అది లాడ్జి, లాడ్జికి మర్యాదస్తులు పోరు. అలాంటి మనిషిని నంద్యాలలో ఐదు రోజులు హోటలు గదిలో ఉంచాల్సి వచ్చింది. ఆమె కుడికంటికి శుక్లం తీయించాం.

ఆపరేషన్ అరగంట పనే. కానీ తర్వాత రోజూ పొద్దున పోయి కన్ను చూపించుకోవాలి. దుమ్ము తగలకూడదు, వంగకూడదు, తలకు నీళ్లు పోసుకోకూడదు. మాది ఆళ్లగడ్డ. రోజూ అక్కడినుంచి బస్సులో తిప్పుతూ దుమ్ము తగలనివ్వకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. నంద్యాలలో మా చిన్నమ్మ ఇల్లుంది, అక్కడ దిగుదామంటే అమ్మ ఒప్పుకోలేదు.

“ఒకరింట్లో పండుకోని లేసేది నాకు పడదు మే. పొద్దన్నే నా మొగం వాళ్లు సూడాల, వాళ్ల మొగం నేను సూడాల. ఏం కర్మ?” అంది.

సరేనని హోటలే తీసుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు లోలోపల సంబరంగానే ఉంది. నేను బళ్లో పంతులమ్మను. ఇరవై ఏళ్లుగా పొద్దున లేచి నావీ, మా ఆయనవీ, పిల్లలిద్దరివీ దుప్పట్లు మడిచి, వంట చేసి, బడికి పరిగెత్తడమే నా బతుకు. నేనట్లా బయటికి పోయి వచ్చేసరికి ఎవరో వచ్చి నా పక్క సర్ది, దుప్పటి అంచులు పరుపు కిందికి బిగించి పోతారనే ఊహకే నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ మాట అమ్మతో మాత్రం అనలేదు.

గదిలో అడుగు పెట్టగానే అమ్మ కళ్లు మంచం మీద పడలేదు, టీవీ మీద పడలేదు. తలుపుకున్న చిన్న గాజు కన్నం మీద పడ్డాయి.

“ఇదేందీ?”

“బయట ఎవరొచ్చినారో చూసుకునేదానికమ్మా.”

“అయితే బయటోళ్లు గూడా లోపలికి సూస్తారు.”

“కనిపీదు. అది అట్ల చేసింటారు.”

“నీకెట్ల తెల్సు? నువ్ బయట్నుంచి సూసినావా?”

చూడలేదు. నలభై ఎనిమిదేళ్ల దాన్ని, వరండాలో నిలబడి ఒక కన్ను మూసి మా గది తలుపుకే మొహం ఆనించాను. సరిగ్గా అప్పుడే పక్క గదిలోంచి ఒక పెద్దమనిషి బయటికొచ్చాడు. నన్ను చూసి, వెనక్కి తిరిగి, తన గది తాళం రెండుసార్లు లాగి చూసుకుని లిఫ్టు దగ్గరికి పోయాడు. లోపలిదేమీ కనిపించలేదని నేను ఎంత చెప్పినా అమ్మ నమ్మలేదు. కంటి కోసం కొన్న దూదిని ఉండ చేసి ఆ కన్నంలో కుక్కి, పైన ప్లాస్టరు అంటించింది. ఆ సాయంత్రం ఆమె కంటికి కట్టు పడింది, తలుపుకు మధ్యాహ్నమే పడింది.

మరునాడు కట్టు విప్పారు. అసలు గొడవ అక్కడ మొదలైంది. ఎన్నేళ్లుగానో మసకబారిన లోకం ఆమెకు ఒక్కసారిగా తేటగా కనిపించింది. ముందు నా తల వైపు చూసి, “ఇన్ని తెల్లెంటికలు ఎప్పుడొచ్చినాయే నీకు?” అంది. గదికి వచ్చాక ఫ్యాను రెక్కల మీది దుమ్ము, కిటికీ మూల సాలెగూడు, అద్దం మీద ఎవరిదో వేలిముద్ర, అన్నీ వరసగా చూసింది. నేను స్నానం చేసి వచ్చేసరికి దుప్పట్లు మడతపెట్టి, దిండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, తడిగుడ్డతో నేల తుడిచేసి ఉంది. డాక్టరు వంగొద్దన్నాడు కదా అని అరిచాను.

“యాడ వంగినా? కూసోని తుడిసినా” అంది.

అప్పుడే తలుపు మీద మూడుసార్లు టకటకమని, “హౌస్ కీపింగ్” అని వినిపించింది. అమ్మ గొలుసు తీయకుండానే తలుపు నాలుగు వేళ్ల మేర తెరిచింది. బయట ముప్పై ఐదేళ్ల ఒకామె నిలబడి ఉంది. చీర మీద నీలం కోటు, తలకు చున్నీ. పక్కన తోపుడు బండి, దాని నిండా తెల్లటి దుప్పట్లు, తువ్వాళ్లు.

“రూము చేస్తానమ్మా. బెడ్ షీట్లు మార్చాల.”

“మేం చేసుకున్యాంలే పాపా. నువ్ పో.”

“చేయకుంటే మేనేజర్ అడుగుతాడమ్మా. ఈ పేపర్లో టిక్కు పెట్టాల.”

“పెట్టుకో. ఎవురు చేస్తే ఏంది, ఐపాయె గదా.”

ఆమె తలుపు సందులోంచి నా వైపు చూసింది. అమ్మతో వాదించే ఓపిక లేక నేను తల ఊపాను. ఆమె టిక్కు పెట్టుకుని బండి తోసుకుంటూ పోయింది. ఆ తల ఊపింది నేనేనన్న సంగతి తర్వాత నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

“డబ్బులు కట్టినాం కదమ్మా, చేయనీ” అంటే అమ్మ మండిపడింది.

“మనం పండుకున్న పక్క ఇంగొగరు ఎత్తేదేందే? సిగ్గుండొద్దా? పక్కను సూస్తే మనిషిని సూసినట్లే.”

రెండోరోజూ అదే తంతు. కాకపోతే ఆ రోజు గొలుసు అటువైపు ఆమె, ఇటువైపు అమ్మ నిలబడి పావుగంట మాట్లాడుకున్నారు. ఆమెను లోపలికి రానివ్వలేదు గానీ, ఆమె ఇంటి సంగతులన్నీ ఆ నాలుగు వేళ్ల సందులోంచే మా అమ్మ లోపలికి లాగేసింది. పుట్టిల్లు వెలుగోడు. భర్త పరుపులు కుట్టే పని. “ఆయన కుడతాడు, నేను పరుస్తా” అని నవ్విందట. కానీ రెడీమేడ్ పరుపులు వచ్చాక ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఇద్దరు పిల్లలు. ఈ హోటల్లో చేరి మూడు నెలలైంది, ఇల్లు ఇప్పుడు ఈ జీతం మీదే నడుస్తోంది. “మంచి పాప” అని అమ్మ తీర్పు చెప్పింది. టిక్కు మాత్రం ఆ రోజు కూడా పడింది.

మూడోరోజు పొద్దున, ఆ రోజు టిక్కు కూడా పడ్డాక, అమ్మకు బొరుగుల ఉగ్గాని తినాలనిపించింది. పొట్లం కట్టించుకుని, కంట్లో వేసే మందు కొనుక్కుని తిరిగొస్తూ రోడ్డు అవతలినుంచి హోటలు వైపు చూశాను. మా గది కిటికీ బయట రెండు తువ్వాళ్లు, రెండు దిండు గలీబులు, ఒక పెద్ద దుప్పటి ఆరేసి ఉన్నాయి. కిటికీ చువ్వలకు అమ్మ నా చున్నీనే తాడుగా కట్టింది. కింద హోటలు పేరు రాసిన పెద్ద బోర్డులో సగం అక్షరాలు మా దుప్పటి కింద ఉన్నాయి. ఆటోవాళ్లు తలలెత్తి చూస్తున్నారు. వాళ్ల మధ్య హోటలు మేనేజరు కూడా నిలబడి చూస్తున్నాడు.

నేను రోడ్డు దాటేసరికి ఆయన లోపలికి పోయి గదులు సర్దే ఆమెను పిలిపించాడు. చేతిలో టిక్కుల కాగితం ఉంది.

“మూడు దినాలు రూము చేసినట్ల టిక్కులు పెట్టినావ్. కస్టమర్లేమో దుప్పట్లు ఉతుక్కోని ఆరేసుకుంటాండారు. ఏం చేస్తాండావ్ నువ్వు? రేపట్నుంచి రావద్దు.”

ఆ గదిలో ముసలామె రానివ్వలేదని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. నేను చెప్పబోయాను గానీ ఆయన అప్పటికే ఫోనెత్తాడు. నేను మెట్లెక్కి పైకి పరిగెత్తాను.

అమ్మ స్టూలు మీద కూర్చుని బక్కెట్టు బోర్లిస్తోంది. ఉతుకుడు కూడా కూర్చునే చేసిందట. నేను జరిగింది చెప్పాను. డాక్టరిచ్చిన నల్లద్దాలు పెట్టుకుంది, కొంగు సర్దుకుంది. అప్పటిదాకా భయమని ఎక్కని లిఫ్టు ఎక్కి నాతో కిందికి దిగింది.

“అప్పా, ఆ పాపనేమనొద్దు. లోపలికి రానీంది నేనే. టిక్కు పెట్టమన్యది గూడా నేనే” అంది మేనేజరుతో.

ఆయన చెడ్డవాడేం కాదు, విసిగిపోయి ఉన్నాడు. “పెద్దోళ్లు, మిమ్మల్నేమంటాను? ఒక మాట అడుగుతా. ఆమె పని మీరు చేస్తే, ఆమెతో నాకేం పనమ్మా?” అన్నాడు.

మా అమ్మ ఆ నల్లద్దాలతోనే ఒకసారి టిక్కుల కాగితం వైపు, ఒకసారి ఆమె వైపు చూసింది.

“రేపు ఒక్కదినం సూడప్పా. నువ్వే వచ్చి సూడు, ఆ పాప పని ఎట్లుంటాదో. బాగలేకుంటే అప్పుడు పంపీ.”

“పదకొండుకు వస్తా. రూమంతా ఆమే చేయాల. మీరు చెయ్యి పెడితే మాత్రం నాకు తెలిసిపోతాది.”

పైకి పోయేటప్పుడు లిఫ్టులో ముగ్గురమే ఉన్నాం. “నేను రానీలేదని ఎందుకు చెప్పలే నువ్వు?” అని అమ్మ అడిగింది.

“రూముల్లో ఎవురెట్లుంటారో బయట చెప్పగూడదమ్మా. మాకు మొదటిరోజే చెప్పినారు” అందామె.

గదిలోకి వచ్చాక అమ్మ తలుపు దగ్గర నిలబడి ప్లాస్టరు పీకి, కన్నంలోని దూది తీసి చెత్తబుట్టలో వేసింది. టిక్కుకు తల ఊపింది నేను కాబట్టి నాకే సిగ్గుగా ఉంది.

మరునాడు తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. అమ్మ తన మంచం పక్కన దిగాలుగా నిలబడి ఉంది. మంచం మీద దుప్పటి నాలుగు మడతలై ఉంది, దిండు దాని మీద కూర్చుంది.

“సూడు మే, ఏం జేసినానో. చేతులు నా మాట యినలే.”

చేసింది ఇప్పుడు చెడగొట్టాలి. దుప్పటి విప్పి పరిచింది, ఒక మూల లాగింది, వెనక్కి జరిగి చూసింది. “ఇట్ల పండుకుంటారా ఎవురన్నా? కుక్కలు కొట్లాడినట్లుంది” అని మళ్లీ సర్దింది. సర్దితే బాగైపోయింది. నాలుక కరుచుకుని మళ్లీ నలిపింది. తువ్వాలు నేల మీద పడేసింది. రెండు నిమిషాలు ఓర్చుకుని తీసి కుర్చీ మీద వేసింది. నేను దిండులో మొహం పెట్టుకుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను.

“నవ్వింది చాల్లే. ఇంత చాలునా, ఇంగొంచెం చెరపనా?”

తలుపుకు బయట తగిలించే అట్ట నాలుగు రోజులుగా గదిలో బల్ల మీదే పడి ఉంది. ఆ రోజు ఆరింటికే దాన్ని పచ్చవైపుకు తిప్పి, గది సర్దమని, బయట తగిలించింది. పది గంటలకు ఆమె బండి తోసుకుని వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది.

అమ్మ కుర్చీలో రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది, ఎక్కడ అవి లేచిపోతాయోనని. వచ్చినామె చెరిగిన పక్క వైపు ఒక్క క్షణం కూడా వింతగా చూడలేదు. పాత దుప్పటి లాగి మూటలో వేసింది. కొత్తది విదిలించి పరిచింది, చేత్తో ఒక్క ఊపున నిమిరింది. మూలల దగ్గర పొట్లం కట్టినట్టు మడిచి పరుపు కిందికి దోపింది. అమ్మ ఆగలేక లేచి వచ్చింది.

“ఆ మూల మడత ఇంగోసారి సూపీ.”

ఆమె నవ్వుతూ విప్పి మళ్లీ చూపింది.

పదకొండుకు మేనేజరు వచ్చాడు. బల్ల మీద వేలితో రాసి చూశాడు, మంచం కింద చూశాడు, స్నానాలగదిలో లైటు వేసి చూశాడు. మా అమ్మ ఊపిరి బిగబట్టి ఆయన వెంటే తిరిగింది. ఆయన బయటికి పోతూ బండి దగ్గరున్న ఆమెతో, “బేగా పోయి రెండో అంతస్తు చూసుకో” అన్నాడు. రేపటి సంగతి ఎత్తలేదు. ఉద్యోగం నిలబడిందని మాకు అలా తెలిసింది. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే, అమ్మ తన కన్ను తుడుచుకోకూడదు కాబట్టి నా కొంగు పట్టుకుంది.

కానీ మంచం మీద మాత్రం కూర్చోలేదు. “నలిగిపోతాదే” అంది.

“నలిపేదానికే ఏసినానమ్మా. పండుకో” అని ఆమె బండి తోసుకుంటూ వెళ్లిపోయింది.

అమ్మ చెప్పులు విడిచి, మెల్లగా ఒరిగి, వెల్లకిలా పడుకుంది. చాలాసేపు ఫ్యాను వైపు చూసింది.

“నాకెవురన్నా పక్కేసినారంటే మా యమ్మే. పెండ్లి గాకముందు” అంది.

ఐదు రోజులుగా నా పక్క ఎవరో వేస్తారని మురిసిపోయానే గానీ, ఆమె పక్క సంగతి నాకు తట్టనే లేదు. పదకొండేళ్లుగా మా ఇంట్లోనే ఉంటోంది. నేను లేచేసరికి ఆమె దుప్పటి మడతలో ఉంటుంది, దిండు దాని మీద ఉంటుంది. మా అమ్మ పడుకుని లేచిన పక్క నేను ఒక్కసారీ చూడలేదు.

ఆ మరుసటి రోజు కారు మాట్లాడుకుని ఆళ్లగడ్డ వచ్చేశాం. తర్వాతి పొద్దున లేచేసరికి వంటింట్లో చప్పుడు లేదు. కంగారుగా అమ్మ గదిలోకి పోయాను. ఆమె నల్లద్దాలు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. పక్కన మంచం మీద దుప్పటి ఒక మూలకు చేరి ముద్దగా ఉంది. దిండు మీద ఆమె తల ఆనిన గుంట ఇంకా అలాగే ఉంది.

“డాక్టరు వంగొద్దన్యాడు గదా. పక్కేసి పో” అంది.

నేను దుప్పటి విదిలించి పరిచాను. నిమిరాను. మూలలు మడిచి పరుపు కిందికి దోపాను. ఆమె లేచి వచ్చి, ఒక మూల పట్టుకుని లాగి చూసింది. అది చేతిలోకి వచ్చేసింది.

“ఆ పాప ఏసినట్ల లేదు. ఇప్పి మల్ల ఏయ్.”

విప్పి మళ్లీ వేశాను.