మాస్టారి జర్మనీ రికార్డు

నిన్న తాడేపల్లిగూడెం వెళ్ళే పాసింజరు బండిలో కిటికీ పక్కన కూర్చున్నాను. కింద చక్రాల చప్పుడు, తొందర లేకుండా, ఒకటే దెబ్బ. అది వింటుంటే సామ్యేలు మాస్టారు గుర్తొచ్చారు. ఆయన్ని మీరెవరూ ఎరగరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఏలూరులో మా ముందు గదిలో అద్దెకుండేవారు. మిషను స్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. నేను మూడో తరగతితో చదువు మానేసి తివాచీ మగ్గం ముందు కూర్చున్నదాన్ని.

ఆయన దగ్గర ఒక జర్మనీ రికార్డు ఉండేది. మిషనులో పనిచేసిన జర్మనీ నర్సమ్మగారు తిరిగి వెళ్ళిపోతూ రికార్డు తిప్పే పెట్టెతో సహా ఇచ్చారట. ఒక వైపంతా ఒకటే పాట. పాటంటే మాటలుండవు. డ్రమ్ము ఆగకుండా మోగుతుంటే దానిమీద కరెంటు గిటారు మూలుగు, కొల్లేరు పక్షులన్నీ ఒక్కసారి లేచినట్టు ఏవో కూతలు. మోత తగ్గించమని నేను వెళ్ళినప్పుడల్లా, ఒక్కసారి చివరిదాకా విని అప్పుడు తిట్టమనేవారు. నాకు పనుందని వచ్చేసేదాన్ని.

ఆ రోజుల్లోనే సర్కారు వాళ్ళు ఆడపిల్లలకు తివాచీ పని నేర్పే సెంటరు పెట్టి, నేర్పడానికి నన్ను రమ్మన్నారు. వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంది. కాని చదువులేని మనిషి మాట ఎవరు వింటారని, రానని చెప్పేశాను.

ఒక ఆదివారం చర్చి అయ్యాక మాస్టారి పాత స్టూడెంట్లు నలుగురొచ్చారు. టీ ఇవ్వడానికి వెళ్ళి గుమ్మంలో నిలబడి మొదటిసారి ఆ పాట పూర్తిగా విన్నాను. తివాచీలో ముడులు వేసిన ప్రతి వరసనూ ఇనప దువ్వెనతో కొట్టి బిగించాలి. పూటంతా చెయ్యి నిలిచే వేగం ఒకటుంటుంది. ఈ డ్రమ్ము దాన్ని మించి పరిగెడుతోంది.

"ఏవండీ మాస్టారూ, ఇది తప్పు తిరుగుతోందండి. ఇంత తొందరగా కొడితే మనిషి చెయ్యి ఇంతసేపు నిలవదండి" అన్నాను.

"జర్మనీ వాళ్ళ చెయ్యండీ అమ్మమ్మగారూ, మనలా నీరసం చెయ్యి కాదు" అని ఒకాయన నవ్వాడు.

మాస్టారు నవ్వలేదు. అట్ట మీద అచ్చేసిన టైము చూశారు, ఇరవై రెండు నిమిషాలు. వాచీ చేతిలో పట్టుకుని మళ్ళీ వేశారు. పదహారు నిమిషాలకే అయిపోయింది. వేగం మార్చే మీట, ఇంకా జోరుగా తిరిగే చిన్న రికార్డులకు పెట్టేచోట ఉండిపోయింది, నర్సమ్మగారు ఇచ్చిననాటినుంచీ. మాటలుంటే గొంతు తేడా ఎవరికైనా తెలిసేది. మీట జరిపారు. డ్రమ్ము నెమ్మదించి నిలకడగా నడిచింది.

"సైన్సు మాస్టార్ని. ఇన్నేళ్ళూ తప్పు విన్నాను. కాంతమ్మగారు దిద్దారు" అని అందరిముందూ అన్నారు. లేచి తన కుర్చీ నాకిచ్చారు. సెంటరుకు ఎందుకు వెళ్ళనన్నానో అడిగారు. చదువు లేదన్నాను.

"ఇప్పుడు మాకు చెప్పింది పాఠం కాదాండీ మరి?"

సోమవారం పొద్దున్నే సెంటరుకు వెళ్ళాను.

నెల తిరక్కుండా అక్కడ ఒక పిల్ల, నేను వేసిన వరసలో రంగు తప్పిందంది. కోపం నోటిదాకా వచ్చింది. మింగేసి, కళ్ళజోడు పెట్టుకుని ముడులు లెక్కపెట్టాను. పిల్ల చెప్పిందే నిజం. అందరూ చూస్తుండగా ఆ వరసంతా విప్పాను. ఇప్పుడు ఆ సెంటరులో ఆ పిల్లే నేర్పుతోంది. నన్ను దిద్దిన పిల్ల అదేనని ఎక్కడికి వెళ్ళినా చెప్పుకుంటాను.