గడియారం ముల్లుకు వేలాడిన వీరుడు

యూనివర్సిటీ హాస్టల్లో ఎవరో వీడియోగేమ్ బటన్లు టకటకా నొక్కుతుంటే తార్నాకలోని మా ఇల్లు గుర్తొచ్చింది. అప్పుడు నేను చిన్నదాన్ని. అక్క ఆడే ఆటలో ముసుగు వీరుడు ఎత్తైన గడియారం ముల్లు పట్టుకుని వేలాడుతున్నాడు. ఇంతలో ఎవరో వచ్చారని అక్క కంట్రోలర్ నా చేతిలో పెట్టి తలుపు తీయడానికి వెళ్లింది. బటన్ వదిలితే అతను చచ్చిపోతాడనుకున్నాను. పక్కనే కూర్చున్న నానమ్మ వైపు తిరిగాను.

"పడిపోతడే నానమ్మా!"

"ఇడ్వకు బిడ్డా, నేను గూడ ఒత్తుత," అంటూ నానమ్మ నా బొటనవేలి మీద తన వేలు ఆనించి నొక్కింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. వీరుడు పైకెక్కాడు. నానమ్మ కొంగుతో నా చెమట తుడిచింది.

ఆ సీను బటన్ నొక్కకపోయినా దానంతటదే నడుస్తుందని, ఆట తయారుచేసినవాళ్లు ఏదో పాత కామెడీ సినిమా మీది ఇష్టంతో పెట్టారని, అక్కడ అందరూ నవ్వుతారని పెద్దయ్యాక తెలిసింది. మేమిద్దరం మాత్రం ఆ రోజు ఒక ప్రాణం నిలబెట్టామనే నమ్మకంతో పడుకున్నాం.