అవసరం లేదండీ

తెలుగు మాట్లాడటమే నా ఉద్యోగం. కోయంబత్తూరు సింగానల్లూరులో మా ఇంటి ముందు గదిలో కూర్చుని, హెడ్‌సెట్ తగిలించుకుని, మా కంపెనీ గ్రైండర్లు కొన్న ఆంధ్రావాళ్లకు ఫోన్లో జవాబులు చెబుతాను. ఇంటర్వ్యూలో తెలుగు వచ్చా అని అడిగితే మాతృభాష అన్నాను. అబద్ధమేమీ కాదు. ఎన్నో తరాలుగా మావాళ్లు ఇక్కడే ఉన్నా ఇంట్లో తెలుగే. కాని బడిలో నేను చదివింది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు కాలేజీ హాస్టల్లో, నెల్లూరు నుంచి వచ్చిన స్నేహితురాలి దగ్గర నేర్చుకున్నాను. ఏ ప్రశ్నకు ఏమని చెప్పాలో ఆమె చేత దిద్దించుకుని రాసుకున్న కాగితం ఒకటి ఎప్పుడూ నా పక్కనే ఉంటుంది. ఎనిమిది నెలలైనా, ఫోన్ మోగిన ప్రతిసారీ ఇవాళ పట్టుబడిపోతాననే అనిపిస్తుంది. ఎవరైనా ఊరు అడిగితే "చిత్తూరు వైపండీ" అనేస్తాను.

నిన్న మధ్యాహ్నం మా టీమ్ లీడ్ మెసేజ్ పెట్టింది. తెలుగు లైనులోకి ఇద్దరు కొత్త అమ్మాయిలు వస్తున్నారట, గుంటూరు వైపు వాళ్లట. సోమవారం నుంచి వాళ్లకు పని నేర్పాల్సింది నేనట. గుంటూరు అమ్మాయిలకు తెలుగులో ఎలా మాట్లాడాలో నేను నేర్పడం! భయం వేసింది. భయం వెనకే గర్వమూ వచ్చింది. ఆ గర్వంలో కాగితాన్ని పక్కకు నెట్టేసి, తర్వాతి ఫోనుకు మా ఇంటి తెలుగులో మాట్లాడాను.

తెనాలి దగ్గర టిఫిన్ సెంటర్ నడిపే ఆవిడ ఫోన్ అది. పెద్ద గ్రైండర్ అప్పుడే దింపించుకుందట.

"ఎర్త్ వైరు కూడా ఇప్పుడే పెట్టించాలా అమ్మా?"

"అవసరం లేదండీ..." అన్నాను. తలుపు అవతల రెండేళ్ల మా పాప ఏడుస్తోంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి నిదానంగా పెట్టించండి, అది పెట్టేదాకా గ్రైండర్ తిప్పకండి అని చెప్పేలోగా లైను తెగిపోయింది. మళ్లీ చేయాలనిపించలేదు. తడుముకోకుండా మాట్లాడానని నన్ను నేనే మెచ్చుకుంటూ వెళ్లి పాపను ఎత్తుకున్నాను.

సాయంత్రం మా అత్త పాపకు ఇడ్లీ పెడుతోంది. పాప రెండు చేతులా నోట్లో కుక్కుకుంటోంది.

"ఏంటికి కన్నూ ఇంత అవసరం? మెల్లగా తిను. గొంతులో పడును."

నా చేతిలో నీళ్ల గ్లాసు అలాగే ఆగిపోయింది. ఇక్కడి తమిళంలోలాగే మా ఇంట్లోనూ అవసరమంటే తొందర. తొందరేమీ లేదని నేను చెప్పాను. ఆవిడ మాత్రం ఎర్త్ వైరు అక్కర్లేదని విని ఉంటుంది. పిండి రుబ్బే చోట నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

ఫోన్ చేశాను. స్విచాఫ్. పది నిమిషాలకు మళ్లీ చేశాను. స్విచాఫే.

"ఏమైంది? మొగం ఇట్లా పోయింది?" అని అత్త అడిగితే చెప్పాను.

"నువ్వే సెప్పినావు, నువ్వే సరి చెయ్యి. దానికి ఏడ్చేది ఏంటికి?"

"ఆఫీసులో తెలిస్తే అత్తా?"

"తెలిస్తే తెలవనీ. ఆ యమ్మకు షాకు కొడితే తెలవకుండా ఉండునా?"

నిద్ర పట్టలేదు. నాకు అంత తెలుగు రాదు, కొత్తవాళ్లకు ఇంకెవరైనా నేర్పితే మంచిది అని టీమ్ లీడ్‌కు మెసేజ్ టైపు చేశాను. చదువుకుంటే చాలా వినయంగా ఉంది. కాని అందులో ఆ గ్రైండర్ లేదు, తడి నేల లేదు, ఆవిడ లేదు. అది వినయం కాదు, దాక్కోవడం. పంపలేదు.

తెల్లవారి ఐదింటికి ఆవిడ ఫోన్ ఎత్తింది. వెనక గ్రైండర్ తిరుగుతున్న చప్పుడు.

"ముందు మెయిన్ ఆపండి! గ్రైండర్‌ను ముట్టుకోకండి!"

"ఎవరమ్మా? పిండి సగంలో ఉంది."

"పిండి పోతే పోనీండి, ఆపండి!"

చప్పుడు ఆగింది. నేనెవరో చెప్పాను.

"ఎర్త్ వైరు అవసరం లేదన్నారుగా మీరే! ఇందాక చెయ్యి పెడితే జివ్వుమంది. కొత్తది కదా, అంతేనేమో అనుకున్నా."

"తప్పు నాదండీ. వైరు లేకుండా అసలు తిప్పకూడదు. మా ఇంట్లో అవసరమంటే తొందర. తొందర లేదని చెప్పబోయాను."

ఆవిడ పెద్దగా నవ్వింది.

"ఓరి మీ దుంపతెగ! మరి అవసరమైతే ఏమంటారు?"

"కావాల అంటామండీ."

"ఇంతకీ ఏ ఊరమ్మా మీది?"

చిత్తూరు నోటిదాకా వచ్చింది. "కోయంబత్తూరండీ. ఇక్కడే పుట్టాను. మా తెలుగు ఇట్లాగే ఉంటుంది."

ఎలక్ట్రీషియన్ వచ్చాక ఫోటో పంపుతానంది. రాత్రి టైపు చేసింది చెరిపేసి, జరిగిందంతా టీమ్ లీడ్‌కు రాశాను. ఆ మాట దగ్గర ఇంకెవరూ పొరపాటు పడకుండా నేర్పగలను, ఇది విన్నాక కూడా నన్నే ఉంచితే నేర్పుతాను అని చివర్లో చేర్చాను. ఆమె చదివినట్టు టిక్కులు నీలమయ్యాయి. ఇది రాస్తున్న ఈ రాత్రి దాకా జవాబు రాలేదు. పాప పక్కకు దొర్లినప్పుడల్లా ఫోన్ చూస్తున్నాను.

తెనాలి నుంచి మాత్రం మధ్యాహ్నమే ఫోటో వచ్చింది. గోడ మీదుగా దిగిన పచ్చ వైరు, కింద తడి నేల మీద ఆవిడ కాలి వేళ్లు. దాని కింద ఒక లైను రాసింది: "పెట్టించాను తల్లీ. ఇక నువ్వు అవసరపడకు."