పొడిగా దించిన రేకులు

మా నాయన మగ్గం గదిలో నీళ్ళ చెంబు పెట్టనిచ్చేవాడు కాదు. దాహం వేస్తే బయటికి పోయి తాగి, చేతులు తుడుచుకుని లోపలికి రావాలి. పట్టు పడుగు మీద నాలుగు చుక్కలు పడితే రంగు దిగుతుంది, పోగులు అతుక్కుంటాయి, జరీ నల్లబడుతుంది. నాయన పోయినా ధర్మవరంలోని మా ఇంట్లో ఆ నియమం పోలేదు. మగ్గం మీద కూర్చున్నది నేను కాబట్టి, దాన్ని నాయనకంటే గట్టిగా పట్టుకున్నది కూడా నేనే. ఆ పట్టింపు నా కూతురి ఊపిరి మీదికి తెచ్చిందేమోనని ఇవాళ నా భయం.

ఆ గదికి సిమెంటు రేకుల కప్పు ఉండేది. అది నాకంటే వయసులో పెద్దది. ఎండాకాలం పెనంలా కాలేది. మా సీమలో వాన ఎటూ రాదు, వస్తే మాత్రం చెప్పి రాదు. ఆరేడేళ్ళ కిందట ఆషాఢంలో ఒక మధ్యాహ్నం పగుళ్ళలోంచి నీళ్ళు కారి మగ్గానికి జానెడు దూరంలో పడ్డాయి. అప్పుడు మగ్గం మీద పెళ్ళిచీరల పడుగు ఉంది. పాతవి పీకేసి జింకు రేకులు వేయాలని ఆ పూటే నిర్ణయించుకున్నాను. మా పాపకి అప్పుడు నాలుగో నెల.

రేకుల అంగడిలో ఒక పెద్దాయన ఉండేవాడు. వయసంతా సిమెంటు రేకులు కోయడం, బిగించడం ఆయన పని. మాటకీ మాటకీ మధ్య ఆగి గాలి తీసుకునేవాడు. నా సంగతి, ఇంట్లో పసిబిడ్డ ఉన్న సంగతి విని తల అడ్డంగా ఊపాడు.

"పాత రేకులు నువ్వు ముట్టుకోవద్దప్పా. నాలుగు దినాలు ఆగు, దించేది తెలిసిన మనుషుల్ని నేనే తోలుకోనొస్తా."

"నాలుగు దినాలు నేను ఆగుతా. వాన ఆగుతాదా?"

"అట్లయితే బాగా నీళ్ళు కొట్టి తడుపు. పగలగొట్టొద్దు, నిండు రేకు నిండుగానే దించల్ల. ఆ దుమ్ము లోపలికి పోతే మళ్ళా బయటికి రాదు. మూతికి టవలు కట్టుకుంటే ఆగేది కాదది."

నాకు నవ్వొచ్చింది. "ఏమన్నా, కింద పడుగు ఉండాది. పైన నీళ్ళు కొట్టమంటావా?"

"పడుగు తీసి పక్కన పెట్టు."

నా ఒళ్ళు మండిపోయింది. వేల పోగులు. పాత పడుగు కొసలకి కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా, పచ్చి బాలింత నా భార్య తన వేళ్ళతో అతికిన పడుగు అది. "నువ్వు రేకులు అమ్ముకో, మగ్గం సంగతి నాకు చెప్పొద్దు" అని, జింకు రేకులకు డబ్బు కట్టి వచ్చేశాను. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆ రోజు నన్ను మించిన రాజు ధర్మవరంలో లేడు.

మరునాడు పొద్దున్నే భార్యనీ పాపనీ పక్కింటికి పంపేశాను. పెళుసు ముక్కలు పైనుంచి పడతాయి, బిడ్డకు తగులుతాయి అనుకున్నాను. జాగ్రత్త అంటే నాకు తెలిసింది అంతే. అమ్మ తన పెట్టెలోంచి నాలుగు పాత నూలు చీరలు తెచ్చింది. వాటిని మగ్గం మీద రెండు మడతలుగా కప్పి, అంచులు కట్టెల కింద దోపాం. పడుగుకి ఈగ కూడా దూరకుండా చూసుకుని నేను పైకెక్కాను.

బోల్టులు తుప్పు పట్టి పానాకి తిరగలేదు. మొదటి రేకు నిండుగా దించుదామనే చూశాను. ఒక్కణ్ణి, ఆ బరువు నా వల్ల కాలేదు. చేయి జారి నడిమికి విరిగింది. ఆ తరువాత ఓపిక పట్టలేదు. సుత్తి తీసుకుని బోల్టు చుట్టూ కొట్టడం, ముక్కలు దొడ్లోకి విసరడం. బూడిదరంగు నుసి లేచింది. ఆషాఢం గాలి సంగతి మా దిక్కు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ నుసిని ఎత్తి గదంతా తిప్పింది. నోట్లో పడితే ఉమ్మాను, కళ్ళలో పడితే తుడుచుకున్నాను. కింద అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పొడి నేల పొడిగానే చిమ్మింది. కుళాయి వచ్చి ఐదు రోజులైంది. ఇంట్లో ఉన్నవి తాగే నీళ్ళు, బిడ్డకు స్నానం నీళ్ళు, అంతే.

సాయంత్రానికి అంగడి మనుషులు వచ్చి జింకు రేకులు బిగించారు. పెద్దాయన రాలేదు, వస్తాడని నేనూ అనుకోలేదు. మగ్గం మీద కప్పిన పాత చీరల్ని నలుసు కూడా కింద రాలకుండా లోపలికి మడుస్తూ తీశాను. దొడ్లోకి తీసుకుపోయి దులిపాను. వెనక్కి వచ్చి వంగి చూస్తే జరీ మీద చిన్న మరక లేదు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

అంతలో నా భార్య ఏడుస్తున్న పాపను ఎత్తుకుని ఇంటికొచ్చింది. కప్పు మార్చేటప్పుడు విప్పేసిన ఉయ్యాల మళ్ళీ కట్టాలి. దాని చీర పాప తడిపింది, ఉతకడానికి నీళ్ళు లేవు. మా ఇళ్ళలో పసిబిడ్డకు కొత్తబట్టతో ఉయ్యాల కట్టరు. పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరే కావాలి. ఆ పెద్దవాళ్ళ ఆయుష్షు బిడ్డకు వస్తుందని నమ్మకం. అమ్మ ఆ నాలుగింటిలో మెత్తటిది ఏరింది.

"దులిపినావా నాయనా?" అంది.

"దులిపినాలే మా, కట్టు" అన్నాను.

కట్టింది. చీర రెండంచులూ దగ్గరికి వచ్చి మూసుకున్నాయి. మధ్యలో పాప ఏడుపు మానింది. నా భార్య కండెలు చుడుతూ కాలి బొటనవేలికి తాడు కట్టుకుని ఊపేది. తరువాత కుళాయి వచ్చింది, చీర ఉతికారు, మళ్ళీ అదే కట్టారు. కానీ ఉతకక ముందు ఎన్నాళ్ళు పడుకుందో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదు. మూడు రోజులా? వారమా?

పోయినేడు పెద్దాయన ఇంటి ముందు నుంచి పోతుంటే ఆయన నులకమంచం మీద ఉన్నాడు. పడుకోలేదు. పడుకుంటే ఊపిరి ఆడదట, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని, ఏళ్ళ తరబడి పోయిన రేకుల దుమ్మేనని డాక్టర్లు చెప్పారట. నన్ను గుర్తుపట్టాడు.

"ఆ పొద్దు... తడిపినావా?"

"తడిపినా అన్నా" అన్నాను. సిగ్గు లేకుండా అబద్ధమాడాను.

"మంచి పని చేసినావు" అని ఇంకా ముందుకు వంగి గాలి తీసుకున్నాడు. "ఇంట్లో పసిబిడ్డ ఉండ్య కదా. అదే... అనుకుంటాంటి."

ఆయన మొహం చూడలేకపోయాను. ఇంటికి వచ్చి దొడ్డిగోడ వారన చూస్తే పాత ముక్కల కుప్ప అట్లాగే ఉంది. కోళ్ళు దాన్ని గీరుతున్నాయి. కోళ్ళను తోలి, బిందెలకు బిందెలు నీళ్ళు పోశాను. తడిసిన ముక్కల్ని మందపాటి సంచుల్లో వేసి మూతులు బిగించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఎవరికి అప్పజెప్పాలో ఇప్పటికీ తెలియదు, ఆ సంచులు మూలనే ఉన్నాయి.

మరుసటి వారం పాపను అనంతపురం తీసుకుపోయాను. డాక్టరు జరిగిందంతా విని ఛాతీ ఎక్స్‌రే ఫోటో తీయించాడు, గుండె మీద గొట్టం పెట్టి గట్టిగా పీల్చమన్నాడు. ఆరేళ్ళ పిల్ల, అదేదో పందెం అనుకుని బుగ్గలు పొంగించి పీల్చింది. ఏమీ లేదన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

"ఏమీ లేదంటే ఇప్పుడు లేదు" అన్నాడాయన. "ఆ రేకుల్లో ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది. కొద్ది రోజుల దుమ్ముకే జబ్బు వస్తుందని మిమ్మల్ని భయపెట్టను. రాదని మాటివ్వలేను. వస్తే ఇరవై ఏళ్ళకో, నలభై ఏళ్ళకో వస్తుంది. మీరూ మీ అమ్మగారూ కూడా చూపించుకుంటూ ఉండండి. పాపకి మాత్రం పెద్దయ్యాక ఈ సంగతి తెలియాలి. ఎప్పుడైనా ఆయాసం వస్తే, ఆ డాక్టరుకి తను చెప్పగలగాలి."

బస్సులో పాప నా ఒళ్ళో కూర్చుని, "నాకేమయింది నాయనా?" అని అడిగింది. "ఏమీ కాలేదమ్మా" అన్నాను. ఇంట్లో మా అమ్మకి చెప్పలేదు. చెబితే తన చేత్తో కట్టిన ఉయ్యాల తలుచుకుని ముద్ద మింగదు. నా భార్యకి చెప్పాను. ఆ రోజు నుంచి పాప దగ్గితే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోం.

తల్లీ, ఇరవై ఏళ్ళకో నలభై ఏళ్ళకో నేను ఉంటానో లేదో. ఉన్నా, నా నోటితో చెప్పే ధైర్యం ఉంటుందో లేదో. అందుకే రాసి పెడుతున్నాను. నీ నాలుగో నెలలో నిన్ను సిమెంటు రేకుల దుమ్ము పడిన చీరలో పడుకోబెట్టాం. ఆ రేకులు దించింది నేను, పొడిగా పగలగొట్టింది నేను. మెట్లెక్కుతుంటే ఎప్పుడైనా ఊపిరి అందకపోతే, ఈ కాగితం డాక్టరుకి చూపించు.