రెండుసార్లు ఉడికిన ఆలుగడ్డ

కిడ్నీలు పాడయ్యే దాకా మా ఆయనకు వంటగది ఏ దిక్కున ఉందో తెలియదు. పాడయ్యాక వంటల కార్యక్రమాలకు అతుక్కుపోయాడు. వారానికి మూడుసార్లు ఎల్బీనగర్ నుంచి మలక్‌పేట వెళ్లి డయాలసిస్ చేయించుకోవడం, వచ్చి టీవీ ముందు కూలబడటం. అందులో ఒక తెల్లకోటాయన గరిటెను మైకులా పట్టుకుని, ఉల్లిపాయ కోస్తే కన్నీళ్లెందుకొస్తాయో, పులుసు మర్నాటికి ఎందుకు రుచెక్కుతుందో, ఏ ఊళ్లో అందులో బెల్లం వేస్తే కొట్లాటవుతుందో జోకులేస్తూ చెప్పేవాడు. మా ఆయన పకపకా నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఎందుకు మండదు? ఈయనకు ఉప్పు వద్దు, చింతపండు వద్దు, టమాటా వద్దు. మంచినీళ్లు కూడా కొలిచే ఇవ్వాలి. ఆలుగడ్డ పెట్టాలంటే సన్నగా తరిగి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించాలి. లేకపోతే అందులోని పొటాషియం గుండెకు ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది. చివరికి మిగిలేది పేరుకే ఆలుగడ్డ.

ఒకరోజు నేను ఆ నీళ్లు వంపుతుండగానే తెల్లకోటాయన, "కూరగాయలు ఉడికిన నీళ్లు పారబోసేవాళ్లని జైల్లో పెట్టాలండీ! రుచంతా అందులోనే ఉంది!" అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది.

"విన్నవా? నిన్ను జైల్ల ఎయ్యాల్నట," అని మా ఆయన ఒకటే నవ్వు.

"నవ్వు, నవ్వు. నువ్వు మంచిగైనంక గీ నీళ్లన్నీ నీకే తాపుత."

"మంచిగైనంక పులుసు జెయ్యి. జర ఉప్పెక్కువెయ్యి."

ఆ మాట పట్టుకునే రెండేళ్లు ఈదాం.

మొన్న వానాకాలంలో, ఆయన మిషన్ మీద ఉండగా, డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఇంక పథ్యం వద్దమ్మా. ఆయనకేది ఇష్టమైతే అది పెట్టండి," అంది. రెండేళ్లుగా నేను వినాలనుకున్న మాటే అది. మెట్ల మీద కూర్చుని కుమిలి కుమిలి ఏడ్చాను. తిరిగొచ్చేటప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటో ఆపించి, మందులకని ఆయనతో చెప్పి, చింతపండు కొన్నాను.

మర్నాడు పులుసు చేశాను. ఉప్పు పడాల్సినంతా వేశాను. టీవీలో తెల్లకోటాయన వాగుతూనే ఉన్నాడు. మా ఆయన పళ్లెం మీదికి వంగి వాసన చూశాడు. వేలితో ఇంత తీసి నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత నా ముఖంలోకి చూశాడు.

"డాక్టరమ్మ ఇగ ఏదన్నా తినమన్నదా?"

నేను టీవీ వైపు చూశాను.

ఆయన పళ్లెం నా వైపు జరిపాడు.

"గిది నాకొద్దు. ఆలుగడ్డనే రెండుసార్లు ఉడకబెట్టి తీస్కరా," అన్నాడు.